పొత్తికడుపు జబ్బుకీ పక్షవాతానికీ ఏమిటి సంబంధం?

పోయిన నెల ఎండోమెట్రియోసిస్ (గర్భసంచీ లోపలి పొరలాంటిది గర్భసంచీ బయట పెరిగే జబ్బు) గురించి రాస్తూ చివర్లో ఒక్క ముక్క అన్నాను, ఈ జబ్బున్నవాళ్ళు బీపీ కూడా చూపించుకుంటూ ఉండాలని. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఒడిశాలోని మన తెలుగువాళ్ళ దగ్గర్నుంచి, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం, బరంపురం, జయపురం నుంచి ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ వచ్చిపడ్డాయి. అందుకే ఈసారి వేరే ప్రశ్నలు పక్కన పెట్టాను. పేర్లు తీసేసి వయసులు మాత్రం ఉంచాను.

*

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది పర్లాకిమిడి, నాకు 38 ఏళ్ళు. ఎండోమెట్రియోసిస్ అన్నారు, ఎడమ అండాశయంలో చాక్లెట్ సిస్ట్, అంటే పాత రక్తం నిండిన తిత్తి, ఉంది. ఇద్దరు పిల్లలు, పిల్లల ఆపరేషన్ కూడా అయిపోయింది. నెలకి వారం రోజులు మంచం దిగలేను, నొప్పి మాత్రలతోనే నెట్టుకొస్తున్నాను. ఒక ఆసుపత్రిలో గర్భసంచీ, రెండు అండాశయాలూ తీసేస్తే పీడ వదిలిపోతుందన్నారు. ఇంతలో మా ఆడపడుచు ఈ జబ్బున్నవాళ్ళకి పక్షవాతం వస్తుందట అని ఒక వీడియో పంపింది. అప్పట్నుంచి కంటి మీద కునుకు లేదు. అన్నీ తీయించేసుకుంటే ఆ భయం కూడా పోతుందా?

జవాబు: పోదమ్మా. ఇంకొంచెం పెరిగే అవకాశమే ఉంది, అందుకే మీ ఉత్తరం అన్నిటికన్నా ముందు తీసుకున్నాను.

ఆ వీడియో దేని గురించి చెప్పిందో నాకు తెలుసనే అనుకుంటున్నాను. అమెరికాలో నర్సులుగా పనిచేసే ఆడవాళ్ళు 1,12,056 మందిని 1989 నుంచి 28 ఏళ్ళపాటు గమనించి, 2022లో ఒక అధ్యయనం అచ్చువేశారు. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్ళకి పక్షవాతం ముప్పు లేనివాళ్ళకన్నా 34 శాతం ఎక్కువ అని తేలింది. ఈ 34 అన్న అంకె చూసే కదా మీరు బెదిరిపోయింది? నూటికి 34 మందికి పక్షవాతం వస్తుందని దాని అర్థం కానే కాదు. అంతమందిలో, అన్నేళ్ళలో, మొత్తం పక్షవాతం వచ్చినవాళ్ళు 893 మంది, అంటే నూటికి ఒక్కరు కూడా లేరు. ఆ చిన్న ముప్పు మీద మూడోవంతు పెరిగిందనుకోండి, అప్పటికీ అది చిన్నదే. చిన్నదని వదిలేయమనడం లేదు, దానికోసం నిద్ర మానుకోవద్దంటున్నాను.

వీడియోలు చేసేవాళ్ళు చెప్పని సంగతి అదే అధ్యయనంలో ఇంకోటి ఉంది, మీకు అక్కరకొచ్చేది అదే. ఆ పెరిగిన ముప్పులో అన్నిటికన్నా పెద్ద వాటా, దాదాపు 39 శాతం, గర్భసంచీ గానీ అండాశయాలు గానీ తీయించుకోవడంతో ముడిపడి ఉంది. కారణం కష్టమైనదేమీ కాదు. అండాశయాలు పిల్లల కోసం మాత్రమే ఉన్నవి కావు, అక్కడ తయారయ్యే ఈస్ట్రోజన్ మన రక్తనాళాలు గట్టిపడకుండా కాపుకాస్తుంది. సహజంగా ముట్లాగిపోయినప్పుడు అది మెల్లమెల్లగా తగ్గుతూ వస్తుంది, ఒంటికి అలవాటుపడే టైమ్ ఉంటుంది. 38 ఏళ్ళకే రెండూ తీసేస్తే ఆపరేషన్ బల్ల మీద పొద్దున ఉన్నది సాయంత్రానికి ఉండదు. ఆ తర్వాత బీపీ, కొలెస్ట్రాల్, ఎముకలు, అన్నిటి మీదా దాని దెబ్బ పడుతుంది. గర్భసంచీ ఒక్కటే తీసి అండాశయాలు ఉంచినా అవి కాస్త తొందరగా అలిసిపోయే అవకాశం ఉంది గానీ, రెండూ తీసేసినంత దెబ్బ కాదు.

మన తెలుగువాళ్ళలో ఇది మరీ ఎక్కువ, నాకు బాధ కలిగించేదీ ఇదే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచీ తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురుంటే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కోతకి పోయే ఆడవాళ్ళు చిన్న వయసులోనే తీయించేసుకుంటున్నారని 2019లో దేశమంతా గగ్గోలు పుట్టింది. మరి మన ఊళ్ళలో? పెళ్ళిపందిట్లో కూర్చుని "నేను తీయించేసుకున్నాను వదినా, హాయిగా ఉన్నాను" అని పన్ను పీకించుకున్నంత తేలిగ్గా చెప్పుకుంటాం. ఆ వదినకి పదేళ్ళ తర్వాత బీపీ వచ్చినా, మోకాళ్ళు పోయినా దీన్నెవరూ గుర్తుచేసుకోరు.

ఆపరేషన్ అసలు వద్దనడం లేదు, మీ నొప్పి నిజమైన నొప్పి. కానీ అక్కడిదాకా వెళ్ళేలోపు వేరే మెట్లు ఉన్నాయి. డైనోజెస్ట్ అనే మాత్ర రోజూ వాడితే చాలామందికి నొప్పి తగ్గి, నెలసరే రాకుండా ఉంటుంది. గర్భసంచీలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది, అది ఐదేళ్ళకి పైనే పనిచేస్తుంది. సిస్ట్ పెద్దదైతే లాప్రోస్కోపీ చేసి దాని వరకే తీసి అండాశయాన్ని ఉంచేయవచ్చు. ఇవి మీకు ఇప్పటిదాకా వాడి చూశారా? మీ ఉత్తరంలో నొప్పి మాత్రలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. కాబట్టి ఆ డాక్టర్ని మొహమాటపడకుండా అడగండి, "సార్, అండాశయాలు ఎందుకు తీయాలి, ఉంచితే ఏమవుతుంది?" అని. అడిగితే కోప్పడే చోటైతే ఇంకో చోట చూపించుకోండి, పాతపట్నం దాటితే శ్రీకాకుళం ఎంత దూరమని. అన్నీ చూశాక తీయక తప్పదనే తేలితే, సహజంగా ముట్లాగే వయసు వచ్చేదాకా హార్మోన్లు బయటినుంచి ఇవ్వాలా అన్నది ఆపరేషన్‌కి ముందే మాట్లాడుకోండి. మీ వయసువాళ్ళకి, వేరే అడ్డంకి లేకపోతే, సాధారణంగా ఇస్తారు. ఈ ఒక్క మాట చెప్పకుండా డిశ్చార్జ్ కాగితం చేతిలో పెట్టి పంపేసినవాళ్ళని నేను చాలామందిని చూశాను.

ఇంకొక్కటి, ఆ నొప్పి మాత్రలు. నెలకి వారం రోజులు, రోజుకి మూడేసి చొప్పున డైక్లోఫినాక్ లాంటివి ఏళ్ళ తరబడి మింగితే బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా కాస్త పెరుగుతుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు చూస్తున్నవాళ్ళం, మనకి కొత్తగా చెప్పాలా.

*

ప్రశ్న: రాయగడ నుంచి. వయసు 29. పీసీఓడీకి (అండాశయాల్లో నీటిబుడగలు, నెలసరి తప్పడం) రెండేళ్ళుగా హార్మోన్ మాత్రలు వాడుతున్నాను, నెలసరి సరిగ్గా వస్తోంది. ఈమధ్య తలనొప్పికి ముందు కళ్ళెదుట వెలుగు గీతలు వంకరటింకరగా కదులుతూ కనిపిస్తాయి, ఇరవై నిమిషాలకి పోతాయి, తర్వాత ఒకవైపు తల పగిలిపోతుంది. చత్వారమేమో అని కళ్ళజోడు మార్పించాను. రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా?

జవాబు: ఉంది. ఈ వారమే వెళ్ళి ఆ మాత్రలు మార్పించుకోండి.

ఆ వెలుగు గీతల్ని ఆరా అంటారు, మీది ఆరాతో వచ్చే మైగ్రేన్ లాగే ఉంది. అది ఉన్నవాళ్ళకి ఈస్ట్రోజన్ కలిసిన మాత్రలు ఇవ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కచ్చితంగా చెబుతుంది, ఎందుకంటే మైగ్రేన్ ఆరా వల్ల పక్షవాతం ముప్పు కొంచెం, ఈస్ట్రోజన్ వల్ల రక్తం గడ్డకట్టే గుణం కొంచెం, రెండూ కలిస్తే లెక్క మారిపోతుంది. బీపీ బాగా ఎక్కువున్నవాళ్ళకీ, 35 దాటి పొగ తాగేవాళ్ళకీ కూడా ఇవి పనికిరావు. పట్నం పిల్లలకే పొగ అంటుకుందనుకోకండి, మన తీరంలో పెద్దవాళ్ళు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం మనం చూస్తూ పెరిగిందే కదా. గుడాకుతో పళ్ళు తోముకునే అలవాటు ఉంటే అదీ పొగాకేనని గుర్తుంచుకుని డాక్టర్‌కి చెప్పండి.

చూడండి, తప్పు మాత్రది కాదు. రెండేళ్ళ క్రితం రాసిచ్చినప్పుడు మీకు ఈ తలనొప్పి లేదు. తర్వాత మొదలైంది, మీరు కళ్ళ డాక్టర్‌కి చెప్పారు, లేడీ డాక్టర్‌కి చెప్పలేదు. పాత చీటీ చూపించి షాపులో కొనుక్కుంటూ పోయారు. తలకీ గర్భసంచీకీ ఏం సంబంధమని మీరనుకున్నట్టే అందరూ అనుకుంటారు.

మాత్ర మానేసి ఊరుకోవద్దు. పీసీఓడీలో నెలల తరబడి ముట్టు రాకపోతే గర్భసంచీ లోపలి పొర మందమైపోతుంది, కాబట్టి ప్రొజెస్టిరాన్ ఒక్కటే ఉన్న మందో, హార్మోన్ లూపో అడగండి. పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే కాపర్ టీ కూడా ఉంది. ఆశా దీదీ దగ్గర దొరికే ఛాయా అనే గర్భనిరోధక మాత్రలో హార్మోన్ లేదు కదా అని దానికి మారిపోకండి, పీసీఓడీ ఉన్నవాళ్ళకి అది సరిపడదు. ఇక బీపీ, షుగర్, నడుము చుట్టుకొలత మూడూ ఏడాదికోసారి రాసిపెట్టుకోండి. పీసీఓడీలో పక్షవాతం దారి ఎక్కువగా ఈ మూడింటిమీదుగానే పోతుంది.

*

ప్రశ్న: గుణుపురం. మా అమ్మాయికి పురుడొచ్చి తొమ్మిది రోజులైంది, ఆపరేషన్ కాదు, మామూలు కాన్పే. మా అత్తగారు రోజుకి రెండు గ్లాసుల కంటే నీళ్ళు ఇవ్వనివ్వడం లేదు, ఒళ్ళు నీరు పడుతుందంటారు. పిల్ల తలనొప్పి అంటోంది. పథ్యం సడలిస్తే ఏమైనా అవుతుందా?

జవాబు: ఇది చదవడం ఆపి ముందు ఆ పిల్లకి నీళ్ళివ్వండి అక్కయ్యా. దాహమేసినన్ని. తర్వాత మిగతాది చదవండి.

చాలా ఏళ్ళ కింద, నేను కొత్తగా ప్రాక్టీస్ పెట్టినప్పుడు, ఒక బాలింతని చూడటానికి ఇంటికి వెళ్ళాను. ఏప్రిల్ నెల. గది తలుపులు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, మంచం కింద కుంపటి. పిల్ల చెవుల్లో దూది, తలకి బిగించి కట్టిన పాత చీర ముక్క. గూట్లో చిన్న ఇత్తడి గ్లాసుతో శొంఠి నీళ్ళు, పూటకి అంతే. పెదవులు బీటలు పడి ఉన్నాయి. మూడు రోజులుగా తలనొప్పి, వాంతులు, ఆ పొద్దున కుడిచెయ్యి కొట్టుకుని ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందని ఒకరు, బాలింత గుణమని ఒకరు, గుర్రపువాతమని ఒకరు, ముగ్గురు పెద్దవాళ్ళు ఆ గుమ్మంలోనే వాదించుకుంటున్నారు. ఆ పిల్లకి మెదడులోంచి రక్తం వెనక్కి తీసుకొచ్చే సిరలో గడ్డ కట్టింది. పెద్దాసుపత్రికి చేర్చాం, గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ ఇచ్చారు, బతికింది, నడిచింది. కానీ చాలాకాలం ఆ చేత్తో ముద్ద కలుపుకోలేకపోయింది.

కాన్పు అయ్యాక ఆరు వారాలపాటు ఆడవాళ్ళ రక్తం మామూలు కంటే తొందరగా గడ్డకడుతుంది. కాన్పులో రక్తం పోకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు అది. దానికి నీళ్ళు లేక ఎండిపోవడం తోడైతే, రక్తహీనత కూడా ఉంటే (మన వైపు ఎవరికి లేదు?), ఆ ఏర్పాటే ఎదురు తిరుగుతుంది. ఒళ్ళు నీరు పట్టడానికీ తాగే నీళ్ళకీ సంబంధం లేదు. మీ అత్తగారు మనవరాలి మీద పగతో చేస్తున్నదేమీ కాదు, ఆవిడకి వాళ్ళత్త చెప్పింది, ఆవిడ పాటిస్తోంది. కాబట్టి ఆవిడతో పోట్లాడకండి, కాచి చల్లార్చిన నీళ్ళే ఇస్తామని చెప్పండి, శొంఠి వేసి ఇచ్చినా సరే, కాకపోతే చెంబులతో ఇవ్వండి. పాలిచ్చే తల్లికి రోజుకి మూడు లీటర్ల దాకా పడుతుంది. కాయం తిననివ్వండి, మంచి పథ్యాలతో నాకే తగాదా లేదు.

ఇప్పుడు ఆ తలనొప్పి సంగతి. ఈ రోజే బీపీ చూపించండి. కాన్పుకి ముందు బీపీ లేనివాళ్ళకి కూడా కాన్పు తర్వాత వారం పది రోజుల్లో పెరిగి ఫిట్స్ రావచ్చు, గుర్రపువాతం కాన్పుతోనే అయిపోతుందనుకోవడం పొరపాటు. తలనొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, పడుకుంటే ఎక్కువైనా, వాంతులవుతున్నా, చూపు మసకబారినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగొద్దు. అక్కడ డ్యూటీ డాక్టర్‌కి ఒడియాలో "ముండొ బింధా" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే పారాసిటమాల్ ఇచ్చి పంపేస్తారు, కాన్పయి తొమ్మిది రోజులైందని మొదటి వాక్యంలోనే చెప్పండి. మామూలు సీటీ స్కాన్‌లో సిరల్లో గడ్డ ఒక్కోసారి కనబడదు, సిరల కోసం వేరే స్కాన్, ఎంఆర్ వెనోగ్రఫీ అని ఉంటుంది. స్కాన్ నార్మల్ అన్నాక కూడా నొప్పి పెరుగుతూనే ఉంటే దాని గురించి అడగండి.

*

ప్రశ్న: బరంపురం. 45 ఏళ్ళు. గర్భసంచీలో ఫైబ్రాయిడ్ (కండ కణితి), పది రోజులు బ్లీడింగ్, రక్తం 6 గ్రాములే ఉందన్నారు. కళ్ళు తిరుగుతున్నాయి. ఇదీ పక్షవాతం లక్షణమేనా?

జవాబు: చాలామటుకు అది రక్తం తక్కువ అవడం వల్లే. కానీ 6 గ్రాములంటే ఇంట్లో దానిమ్మపండు తింటూ కూర్చునే అంకె కాదు. మీకు సెలైన్‌లా ఎక్కించే ఐరన్ గానీ, అవసరమైతే రక్తమే గానీ కావాలి. ఐరన్ బాగా పడిపోయినప్పుడు కొందరిలో ప్లేట్‌లెట్లు పెరిగి రక్తం గడ్డకట్టే స్వభావం కూడా పెరుగుతుంది, రక్తం పోతున్నవాళ్ళకి గడ్డ కట్టడమేమిటని వింతగా ఉంటుంది గానీ నిజం. బ్లీడింగ్ ఆగడానికి ఇచ్చే ట్రానెక్సామిక్ మాత్రలు మంచివే, కాకపోతే ఇంతకుముందు కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ వచ్చినవాళ్ళు ముందే చెప్పాలి. మీ ఊళ్ళోని ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో చూపించుకోండి, పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్ళండి.

*

ప్రశ్న: ఠాకురాణీ యాత్రకి, ఇంట్లో పెళ్ళికి, తిరుపతి ప్రయాణానికి నెలసరి వాయిదా మాత్రలు వేసుకుంటూ ఉంటాను. ఈ ఏడాది నాలుగుసార్లయింది. ప్రమాదమా? (బరంపురం, 36)

జవాబు: ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఎప్పుడో ఒకసారి వేసుకుంటే పెద్ద భయం లేదు. నాలుగుసార్లు మాత్రం ఎక్కువే. షాపులో ఇచ్చేది నోరెథిస్టిరాన్, 5 మిల్లీగ్రాములది రోజుకి మూడు. అంత మోతాదులో వేసుకున్నప్పుడు అందులో కొంచెం ఒంట్లోకి వెళ్ళాక గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజన్‌గానే మారుతుంది, అంటే పైన రాయగడ అమ్మాయికి చెప్పిన జాగ్రత్తలన్నీ మీకూ వర్తిస్తాయి. ఆరా మైగ్రేన్, బీపీ, ఇంతకుముందు గడ్డ కట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు అడగకుండా వేసుకోకూడదు. వేసుకుని పన్నెండు గంటల బస్సు ప్రయాణం చేసేవాళ్ళు నీళ్ళు తాగుతూ, బస్సు ఆగినప్పుడల్లా దిగి నాలుగడుగులు నడవండి. అమ్మవారికి మన నెలసరితో పేచీ ఉందని నేననుకోను, అది మీ నమ్మకం, మీ ఇష్టం.

*

ప్రశ్న: జయపురం. మా ఆవిడకి 41. పోయిన మంగళవారం రాత్రి అన్నం తింటుండగా మూతి ఒక పక్కకి పోయింది, ఎడమచేతిలో ముద్ద చేతిలోంచి జారిపోయింది, తను ఎడమచేతి వాటం మనిషి. పది నిమిషాలకి అంతా మామూలైపోయింది. మావాళ్ళు పసరు మందుకి తీసుకెళ్దామంటున్నారు. రెండో కాన్పులో బీపీ బాగా పెరిగి నెల ముందే బిడ్డని తీశారు. ఆ బీపీ తర్వాత తగ్గిపోయింది.

జవాబు: ఈ ఉత్తరానికి జవాబు పత్రికలో వచ్చేదాకా ఆగలేకపోయాను, అందులో ఉన్న నంబర్‌కి అప్పుడే ఫోన్ చేశాను. అదే ఇక్కడ మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను.

పది నిమిషాల్లో తగ్గిపోయింది కాబట్టి ఏమీ లేదనుకోవడమే పెద్ద పొరపాటు. అది పక్షవాతం ముందుగా వేసిన కేక. గడ్డ ఒకటి వచ్చి అడ్డుపడి, కరిగిపోయింది. దాని వెనక అసలుది వచ్చే ముప్పు మొదటి రెండు రోజుల్లోనే అన్నిటికంటే ఎక్కువ. కాన్పులో బీపీ వచ్చిన ఆడవాళ్ళకి, అది కాన్పు తర్వాత తగ్గిపోయినా, తర్వాతి జీవితంలో పక్షవాతం ముప్పు మిగతావాళ్ళకన్నా రెట్టింపు దాకా ఉంటుంది. ఈ సంగతి కాన్పు చేసిన చోట చెప్పి పంపాలి, చెప్పరు. అందుకని ఆ పాత ప్రసవం కాగితం బీరువాలోంచి తీసి జాగ్రత్త చేసుకోండి, యాభై ఏళ్ళకి గుండె డాక్టర్‌కి చూపించాల్సిన కాగితమే అది.

మళ్ళీ ఎప్పుడైనా మూతి వంకరపోయినా, చెయ్యి పైకెత్తమంటే ఒకటి కిందికి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఉన్నట్టుండి చూపు పోయినా, అడుగు తూలినా, ముందు గోడ గడియారం చూడండి. ఎన్నింటికి మొదలైందన్నది ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న, ఎందుకంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. 108కి ఫోన్ చేయండి. నోట్లో నీళ్ళు గానీ మాత్ర గానీ వేయకండి, ఆస్పిరిన్ కూడా వద్దు, అది గడ్డో రక్తస్రావమో సీటీ తీస్తే గానీ తెలియదు. జయపురం నుంచి విశాఖకని బయల్దేరితే ఆ నాలుగున్నర గంటలు దారిలోనే అయిపోతాయి, కాబట్టి ముందు కొరాపుట్ మెడికల్ కాలేజీ లాంటి దగ్గరి చోటికి, సీటీ ఉన్నచోటికి వెళ్ళండి, ఆపైన ఎక్కడికి పంపాలో వాళ్ళు చెబుతారు. రాత్రి సీటీ తీస్తారా అన్నది ఇవాళే కనుక్కుని గోడమీద రాసుకోండి. పసరు, పావురం రక్తం, చెవిలో ఊదడం, వీటికి పోయిన ఆ ఒక్క పూట మళ్ళీ తిరిగి రాదు.

ఆయన మర్నాడు ఫోన్ చేశారు. తీసుకెళ్ళారట. బీపీ 190 మీద 110 ఉంది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో, రెండు కాన్పులప్పుడు తప్ప, ఆవిడ చేతికి ఆ బీపీ పట్టీ చుట్టడం అదే మొదటిసారి అన్నారు.